డిస్క్రీట్: ఒక పలుకు, రెండు రాతలు

ఆంగ్లంలో ‘డిస్క్రీట్’ అని పలికే మాటలు రెండున్నాయి. ఒకదానిలో చివరి ‘టి’కి ముందు రెండు ‘ఇ’లు పక్కపక్కనే ఉంటాయి. ఏది చెప్పాలో, ఏది దాచాలో ఎరిగిన అని దాని అర్థం. రెండవదానిలో ‘టి’ ఆ ‘ఇ’ల నడుమ దూరి వాటిని విడదీస్తుంది. అర్థమూ అదే: విడివిడిగా ఉన్న. గణితగ్రంథాలలో కనిపించేది ఈ రెండవదే. ఒకదానికి బదులు మరొకటి రాయడం ఆంగ్లం మాతృభాషగా గలవారికీ అలవాటే!

వారిని మరీ తప్పుపట్టలేను. పుట్టుకలో ఇవి ఒకే మాట. లాటిన్‌లో ‘కెర్నెరె’ అంటే జల్లించడం. ‘డిస్’ చేరితే వేరుచేయడం. అందునుండి వచ్చిన ‘డిస్క్రెటుస్’ అంటే వేరుచేయబడినది. తరువాతి కాలపు లాటిన్‌లో దానికే మంచిచెడ్డలను వేరుచేయగలవాడనే అర్థమూ కలిగింది. ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో చేరాక, 16వ శతాబ్దపు ఉత్తరార్ధంలో గాని రెండర్థాలకు రెండు రాతలు స్థిరపడలేదు. (‘సీక్రెట్’ కూడా ఈ జల్లెడలోంచి రాలినదే.)

సంస్కృతమూ సరిగ్గా ఈ దారినే నడిచింది. ‘విచ్’ ధాతువుకు వేరుచేయడమని అర్థం. ‘వి’ చేరి ‘వివిక్తం’ అయితే వేరుపడినది, ‘వివేకం’ అయితే వేరుచేసి తెలుసుకునే బుద్ధి. వేదాంతుల నిత్యానిత్యవస్తు వివేకం ఇదే. హిందీవారు ఆ గణితాన్ని ‘వివిక్త గణిత్’ అనడం నాకెంతో ముచ్చటగా తోస్తుంది. సంస్కృతం ప్రత్యయాలతో సాధించిన భేదాన్ని ఆంగ్లం ఒక అక్షరాన్ని జరిపి సాధించింది.

‘డిస్క్రిషన్’ అనే నామవాచకం మాత్రం వివేకం వైపే ఉండిపోయింది. మనం దాన్ని విచక్షణ అంటున్నాం. రాజ్యాంగం 163వ అధికరణంలో గవర్నరుకు ఉన్నదీ ఇదే. పత్రికలలో ‘విచక్షణాధికారం’ అన్నది ‘ఇష్టాధికారం’గా ధ్వనించడం నాకు మింగుడుపడదు. ఎందుకంటే ఈ వివాదం పాతదే, తీర్పూ పాతదే.

1598లో ఇంగ్లండులో రూక్ కేసు అని ఒకటి నడిచింది. థేమ్స్ నది గట్టు మరమ్మతు ఖర్చంతా అధికారులు ఒక్క భూయజమానిపైనే మోపారు. తమ విచక్షణ మేరకు నడచుకొమ్మని చట్టమే చెప్పింది కదా అన్నది వారి ధీమా. ఎడ్వర్డ్ కోక్ గ్రంథస్థం చేసిన ఆ తీర్పు ప్రకారం విచక్షణ అంటే సత్యాసత్యాలను, న్యాయాన్యాయాలను వేరుచేసి చూడడం. సొంత ఇష్టాయిష్టాలను అనుసరించడం కాదు. వరద వస్తే ఎవరెవరి భూములు మునుగుతాయో వారందరూ ఆ గట్టు ఖర్చు పంచుకోవాలని తేల్చారు.