తలకాడు ఇసుక: శాపమా, గాలా?

మైసూరుకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున తలకాడు అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడది పశ్చిమ గంగరాజుల రాజధాని. 11వ శతాబ్ది మొదట్లో చోళులు గెలుచుకుని రాజరాజపురం అన్నారు. తర్వాత హొయసల విష్ణువర్ధనుడు గెలిచి, 1117లో కీర్తినారాయణ గుడి కట్టించాడు. ఆ పాత పట్నం చాలావరకు ఇప్పుడు ఇసుక దిబ్బల కింద ఉంది. పాతాళేశ్వరుడి గుడికి మెట్లు దిగి వెళ్ళాలి.

ఎందుకిలా అయిందని అడిగితే అలమేలమ్మ శాపం అంటారు. 1610లో రాజ ఒడయరు శ్రీరంగపట్నం స్వాధీనం చేసుకున్నాక, విజయనగర ప్రతినిధి భార్య అయిన ఈమె నగల కోసం భటులు వెంటపడ్డారట. తలకాడు ఇసుక కావాలని, మాలంగి మడుగు కావాలని, మైసూరు రాజులకు సంతానం కలగకూడదని శపించి, కావేరిలో దూకిందట.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఓచరు లేని ఖర్చు ఒప్పుకునే అలవాటు లేదు. మూడో పద్దు చూద్దాం. చామరాజ ఒడయరు దత్తుడే, కానీ ఆయనకు 1884లో కొడుకు పుట్టాడు. జయచామరాజ ఒడయరుకు 1953లో పుట్టాడు. దత్తు వచ్చినవారికి శాపం తగలదని సర్దిచెబుతారు. కథలోని శాపంలో ఆ మినహాయింపు ఎక్కడుంది? లెక్క కుదరనప్పుడు రూలు మార్చడం ఏం ఆడిటు?

ఇక ఇసుక. లూయీ రైస్ మైసూరు గెజెటీరులో, దిబ్బలు ఏడాదికి 9, 10 అడుగుల చొప్పున ఊరి మీదికి వచ్చేవనీ, అదీ ముఖ్యంగా నైరుతి రుతుపవనాల కాలంలోననీ రాశాడు. జనం ఇళ్ళు వదిలి వెనక్కి జరుగుతూ పోయారు. శాపానికి సీజను ఉంటుందా?

ఎగువన మాధవ మంత్రి ఆనకట్ట ఉంది. అది 14వ శతాబ్దినాటిదని చెబుతారు. అంటే ఈ శాపం కంటే రెండు వందల ఏళ్ళు పైమాటే. ఆనకట్ట వల్ల నీరు తగ్గి, ఏటి ఇసుక బయటపడి, గాలికి ఒడ్డెక్కిందని కె.ఎన్. గణేశయ్య అనే శాస్త్రవేత్త వాదన. చిత్రమేమంటే, అదే ఆనకట్ట కాలవ కింద ఇక్కడి వరి పండింది.

మిత్రులారా, కథలో రాణి ఉంది, రాజు ఉన్నాడు. ఏటేటా ఇల్లు మార్చుకున్న రైతు లేడు. శాపం అనుకున్నంతకాలం ఆ రైతు దణ్ణం పెట్టుకుని వెనక్కి జరగాల్సిందే. గాలి అని తెలిశాక, ఇసుక కదలకుండా దిబ్బల మీద చెట్లు పెంచారు.