చేతులు కాలకముందే

తెలుగువాడు చేతికి ఇచ్చినంత మర్యాద ఇంకే అవయవానికీ ఇచ్చినట్టు కనబడదు. దాత చేతికి ఎముక లేదంటాం. పనిమంతుణ్ణి చెయ్యి తిరిగినవాడంటాం. వ్యవహారం చెడితే చెయ్యి దాటిపోయిందంటాం. పెళ్ళి అంటేనే పాణిగ్రహణమాయె! ఇంతా చేసి ఆ చేతికి మనం తొడిగిందేమిటయ్యా అంటే, ఉంగరమూ, గాజులూ, మహా అయితే ఓ తాయెత్తు. తలకు రుమాలుంది, ఒంటికి గొంగడి ఉంది, కాలికి కిర్రుచెప్పులున్నాయి. చేతికి మాత్రం చర్మమే చొక్కా.

చలిదేశాలవాళ్ళ సంగతి వేరు. జర్మనీ వాళ్ళు చేతి తొడుగుని తమ భాషలో 'చేతిజోడు' అనే అంటారు. మా నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఉర్దూ పుణ్యమా అని 'దస్తానా' అన్న మాట చాలాకాలంగా ఉంది. మాట ఉంది గాని వస్తువు ఇళ్ళలో ఉండేది కాదు.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, ఆదివారం తెల్లవారేసరికి హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు ఎత్తైన మోటారు సైకిళ్ళేసుకుని రాచకొండ గుట్టలకూ, దేవరకొండ దారులకూ బయల్దేరుతున్నారు. రోడ్డు వదిలి చెలకల్లో, వాగుల్లో, బండల మీద నడపడం వాళ్ళ సరదా. ఊరి పొలిమేరల్లోని కొన్ని రిసార్టుల్లో నాలుగు చక్రాల క్వాడ్ బండ్లు కూడా ఉన్నాయి. వీటి మీద కూర్చునేవాడు చేతికి ఏ తొడుగు వేసుకోవాలన్నది ప్రశ్న. చరిత్ర చెప్పుకు బతికినవాణ్ణి గనక, దుకాణంలో ఏది కొనాలో చెప్పమంటే మూడువేల ఏళ్ళ కిందనుంచి మొదలుపెడతాను. అది వృత్తిదోషం. కాస్త ఓర్చుకోండి.

1922లో హోవర్డ్ కార్టర్ అనే ఆయన ఈజిప్టులో టుటాంఖమన్ చక్రవర్తి సమాధి బయటపెట్టినప్పుడు, బంగారంతో పాటు నారబట్టతో కుట్టిన చేతి తొడుగులు కూడా దొరికాయి. అవి మూడువేల మూడువందల ఏళ్ళ నాటివి. గ్రీకు మహాకవి హోమర్ కావ్యంలో ముసలి లేర్టీస్ తోటపని చేసుకుంటూ ముళ్ళు గుచ్చుకోకుండా చేతులకు తొడుగులు వేసుకుని కనిపిస్తాడు. రాజుగారివి దర్జాకు, ముసలాయనవి ముళ్ళకు. తొడుగుల చరిత్ర అంతా ఈ రెండింటి మధ్యనే నడిచింది.

మరి మన సంగతో? వాల్మీకి రామాయణం బాలకాండలో రామలక్ష్మణులు విశ్వామిత్రుడి వెంట బయల్దేరేటప్పుడు వేళ్ళకు తొడుగులు కట్టుకునే వెళ్ళారు. వాటికి గోధాంగుళిత్రాలని పేరు. గోధ అంటే ఉడుము. ఉడుము తోలుతో చేసిన వేలి కవచాలన్నమాట. వింటినారి తెగ రాసుకుంటే వేళ్ళ చర్మం ఊడివస్తుంది గదా! ఆ ఉడుములు మా బండల సందుల్లో ఇప్పటికీ ఉన్నాయి గాని, వాటి తోలు మీద ఆశ పెట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి గట్టి కాపలా. మధ్యయుగాల రౌతులు ముంజేతికి తొడిగే ఉక్కు కవచాన్నీ దస్తానా అనేవారు. కనక ఇది దొరల వేషమనీ, మనకు పడదనీ అనడానికి వీల్లేదు. యుద్ధం చేసే చేతికి మనవాళ్ళు ఎప్పుడో తొడుగు వేశారు. వెయ్యనిదల్లా పని చేసే చేతికి.

ఆ పనిచేసే చెయ్యి ఎవరిదంటారా? 1955 డిసెంబరు 10న నల్గొండ జిల్లా నందికొండ దగ్గర నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టల్లో అది ఒకటి. రాయి మీద రాయి పేర్చి కట్టిందంటే ఆ రాళ్ళన్నీ చేతుల మీదుగా వెళ్ళాయన్నమాటే. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, కాలువ తవ్వినా 'పాలమూరు కూలీ' అన్న పేరు వినబడేది. సుత్తె పట్టిన వడ్డెరవాడి చేతికీ, తాడెక్కే గౌడు చేతికీ తొడుగంటే కాసిన కాయలే. మహా అయితే ఓ పాతగుడ్డ పేలిక.

సరే, మోటారు సైకిలు దగ్గరకొద్దాం. 1885లో జర్మనీలో డైమ్లర్ మొదటిది తయారుచేశాడు. 1913లోనే ఇంగ్లండులోని కార్లైల్‌లో ఆరు రోజుల పరుగు పరీక్ష పెట్టారు. 1924లో కాంబర్లీ అనే చోట కొండా గుట్టా పట్టి పోయే పందెం జరిగింది. ఇవాళ మోటోక్రాస్ అంటున్న ఆటకు అదే ఆది అంటారు. మన దేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ వచ్చింది. ఆ తర్వాత 1961లో మైసూరు నుంచి జావా, అదే దశకంలో రాజ్‌దూత్ వచ్చాయి. 1985లో హీరో హోండా వచ్చాక ఊరూరికీ బండి చేరింది.

తమాషా ఏమిటంటే మా జిల్లాల్లో మోటోక్రాస్ అన్న పేరు తెలియకుండానే అందరూ అదే చేశారు. రెండు వైపులా పాలక్యాన్లు కట్టుకుని వాగు గట్టు మీద పోయిన పాలవాడు, గొర్రెలకు సూదిమందు వెయ్యడానికి గుట్ట దాటిన పశువుల డాక్టరు, వర్షాకాలం రేగడిలో బండి నెట్టుకుంటూ బడికి వెళ్ళిన పంతులు, వీళ్ళకు ఎవరూ కప్పులివ్వలేదు. ఇప్పుడు హిమాలయన్ అనీ, ఎక్స్‌పల్స్ అనీ ఆ పనికే పుట్టిన బండ్లు వచ్చాయి. క్వాడ్ల సంగతంటారా, 1970లో హోండా వాళ్ళు లావు టైర్ల మూడు చక్రాల బండి తెచ్చారు. తరువాత పదేళ్ళకు పైన సుజుకీ నాలుగో చక్రం తగిలించింది. మూడు చక్రాలవి తెగ బోర్లా పడుతున్నాయని 1988లో అమెరికాలో వాటి అమ్మకం ఆపించారు. నాలుగుంటే పడదని మాత్రం అనుకోకండి.

మా నేల సంగతి కొత్తవాళ్ళకు చెప్పాలి. కింద నున్నటి బండ, పైన మొరం గులకలు. వాటి మీద చక్రం వెళ్ళడమంటే శనగగింజల మీద నడిచినట్టే. పక్కన తుమ్మ, రేగు, పరికి కంపలు. మా మేనల్లుడు నల్గొండలో ఫోన్లు బాగుచేస్తాడు. రాచకొండ వైపు ఓ వాలులో బండి జారింది. వేగం పెద్దగా లేదు. పడుతూ చెయ్యి ఆనించాడు. పడేవాడు ఎవడైనా చేసేది అదే. తల ఆలోచించేలోపు చెయ్యి ముందుకెళుతుంది. అరచేతినిండా మొరం దిగింది. అది కడిగి కట్టుకట్టారు. ఫోటో తీస్తే ఎముక విరగలేదన్నారు. పదిహేను రోజుల తర్వాత కూడా బొటనవేలి మొదట్లో నొప్పి తగ్గక మళ్ళీ ఫోటో తీస్తే విరుపు కనబడింది.

చేతికి ఎముక లేదనడం అలంకారమేగాని, ఒక్కో చేతిలో ఇరవైయేడు ఎముకలున్నాయి. మణికట్టులో బొటనవేలి వైపు పడవ ఆకారంలో ఓ చిన్నది ఉంది. దాన్ని స్కఫాయిడ్ అంటారు. గ్రీకులో ఆ మాటకర్థమూ పడవే. చెయ్యి చాచి పడితే తరచు విరిగేది అదే. విరిగిన సంగతి మొదటి ఫోటోలో చాలాసార్లు దొరకదు. పైగా దానికి రక్తం వెనక్కి తిరిగి, చివరివైపు నుంచి వస్తుంది. విరిగితే ఒక ముక్కకు రక్తం అందక అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతకదు కూడా. మావాడికి మూడు నెలలు పట్టీ. ఆవగింజంత మరలు బిగించి బతికేవాడికి మూడు నెలలు కుడిచెయ్యి లేకపోవడమంటే ఏమిటో ఆ ఇంటి పొయ్యికి తెలుసు.

మానిన తర్వాత వాడే అడిగాడు: "మామా, గింత ఎండల దస్తానాలేంది? చూసినోళ్ళు నవ్వరా?"

"నవ్వనీరా. నవ్వినోడు నీ కొట్టు నడుపుతడా?" అన్నాను.

ఆపైన ఇద్దరం కూర్చుని విచారించాం. ఆ విచారణ మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది, ఎక్కడ పడతామన్న లెక్క. అసలు మోటోక్రాస్ తొడుగు పల్చటిది. బొబ్బలు రాకుండా, కంప గీరకుండా, పట్టు జారకుండా చూస్తుంది. తక్కువ వేగానికీ మెత్తటి మట్టికీ అది సరి. కాని మనవాళ్ళు గుట్టకు చేరేముందు సాగర్ రోడ్డు మీద గంటల తరబడి వేగంగా వస్తారు. తారు మీద జారితే ఆ పల్చటి బట్ట నిమిషం కాదు, క్షణం ఆగదు. అందుకని అరచేతికి తోలు, మెటికల మీద గట్టి డిప్ప, మణికట్టుకు పట్టీ ఉన్న తొడుగు ఎంచుకోవాలి. మేకతోలు పల్చగా ఉండీ గట్టిది. వేళ్ళ పైభాగాన గాలి ఆడే బట్టో, చిల్లుల తోలో ఉంటే మా మే నెల ఎండకూ ఓర్చుకోవచ్చు.

రెండోది, అరచేతి మడమ దగ్గర నున్నటి గట్టి బిళ్ళ. చెయ్యి నేలకు తగిలి అక్కడే పట్టుకుంటే బరువంతా మణికట్టు మీద పడుతుంది. బిళ్ళ ఉంటే చెయ్యి జారిపోతుంది, దెబ్బ పంచుకుపోతుంది. ఎముక విరగనే విరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు గాని అవకాశం తగ్గుతుంది.

మూడోది కొలత. తొడుక్కుని పిడికిలి బిగించాలి. అరచేతిలో మడతలు పడితే పెద్దది, వేలికొసలు నొక్కుకుంటే చిన్నది. పట్టీ బిగించాక రెండో చేత్తో పట్టి లాగితే ఊడిరాకూడదు. పడ్డప్పుడు ముందు ఎగిరిపోయేది వదులు తొడుగే. దుకాణంలో ఉత్త చేతుల్తో నిలబడి చూడకుండా బండి హేండిల్ పట్టుకుని, బ్రేకూ క్లచ్చీ నొక్కి చూడాలి. అరచేతి పొర మరీ మందమైతే బండి చేతికి అందదు. క్వాడ్‌కి ఇంకొకటి ఉంది. దాని యాక్సిలరేటరు సాధారణంగా బొటనవేలితో నొక్కేది. ఆ వేలి లోపలివైపు లావు కుట్టు ఉంటే గంటలో వేలు కమిలిపోతుంది.

యూరపు వాళ్ళు మోటారు సైకిలు తొడుగులకు ఈఎన్ 13594 అని ప్రమాణం పెట్టారు. లోపలి చీటీ మీద ఆ అంకె, 1 గాని 2 గాని స్థాయి, మెటికల పరీక్ష నెగ్గితే 'కేపీ' అన్న అక్షరాలు ఉంటాయి. రంగుకన్నా ముందు ఆ చీటీ చూడండి. ఉన్ని తొడుగులూ, సిమెంటు పనివాళ్ళ నూలు తొడుగులూ ఇందుకు పనికిరావు. కంపకు హేండిల్‌కే అడ్డుపలకలు బిగించుకోవాలి. చెమట పట్టిన తోలును నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే అప్పడమవుతుంది.

తోలంటే గుర్తొచ్చింది. దక్షిణదేశంలో తోళ్ళు పదును చెయ్యడానికి ఒకప్పుడు ముఖ్యమైన సరుకు తంగేడు పట్ట. బతుకమ్మలో పేర్చే తంగేడే, ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ తోళ్ళు మద్రాసు ఓడరేవు నుంచి లండన్ దాకా వెళ్ళాయి. లందలో సున్నపు నీళ్ళల్లో ఆ తోళ్ళు తిప్పిన మాదిగ చేతులకు మాత్రం తొడుగు లేదు. దొరల చేతుల తొడుగుకు తోలు పదును చేసింది ఉత్త చేతులు!

తలకైతే ఒక పెద్దమనిషి దొరికాడు. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ ఆయన మోటారు సైకిలు మీంచి పడి చనిపోతే, చికిత్స చేసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ మనసు పడి హెల్మెట్ల మీద పరిశోధన చేశాడు. మన 1988 మోటారు వాహనాల చట్టంలోనూ హెల్మెట్‌కో సెక్షను ఉంది. చేతికి చట్టం లేదు.

చేతికీ ఒకాయన దొరికాడు గాని ఆస్పత్రిలో. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జను దగ్గర పనిచేసే నర్సుకు మందునీళ్ళ వల్ల చేతులు పుళ్ళు పడుతున్నాయని, 1889 ప్రాంతంలో ఆయన గుడ్‌ఇయర్ కంపెనీచేత పల్చటి రబ్బరు తొడుగులు చేయించాడు. మరుసటి ఏడే ఆమెను పెళ్ళాడాడు. ఈనాడు ప్రపంచమంతా డాక్టర్లు తొడుక్కునేది ఆ ప్రేమకానుకే.

ఆలోచిస్తే తొడుగు చరిత్రలో నాకు కనిపించిన నీతి ఇదే. ఎవరి చెయ్యి వారికి అరిగిపోయినా కనబడదు, పక్కవాడు చూడాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన అలవాటు. మా మేనల్లుడు రెండు జతలు కొన్నాడు. ఒకటి తనకు, రెండోది వాడి వీధిలో రాళ్ళు కొట్టే పెద్దాయనకు తగిన రకం. ఆయన మొదట నవ్వాడట. వారం తర్వాత ఇంకో జత ఎక్కడ దొరుకుతుందని అడిగాడట, తన పెళ్ళాం కోసం.