కడితము నుండి వెబ్‌సైటు వరకు



ఊరి చరిత్రను వ్రాయుట ఒక ఎత్తు. వ్రాసినదానిని నిలుపుట మరియొక ఎత్తు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో తమ ఊరి చరిత్రను వెబ్‌సైటులో పెట్టుట యెట్లని నన్ను అడుగువారు కలరు. అందుకు తగిన సాధనమేదియో, దానిని మన అవసరమునకు ఎట్లు మలచుకొనవలెనో నేడు మనవి చేసెదను.

పూర్వము మన సీమలో కరణములును వర్తకులును కడితముపై లెక్కలు వ్రాసెడివారు. గుడ్డకు చింతగింజల జిగురును బొగ్గుపొడిని పట్టించి, మడతలు పెట్టి, బలపముతో వ్రాయుదురు. చెరిపి మరల వ్రాయవచ్చును; కాని చెరిపినది పోయినట్లే. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి ఇచ్చెను. ఆ శతాబ్ది ఆరంభముననే కల్నల్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయముతో గ్రామ చరిత్రలను సేకరింపజేసెను. అవియే కైఫియతులు. ఏలినవారు, దేవాలయములు, మాన్యములు వానియందు కనబడును. 1821లో మెకంజీ మరణించెను. పిదప చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఆ తెలుగు కాగితములకు ప్రతులు వ్రాయించి బైండు చేయించెను. ప్రతి యున్నచోటనే గ్రంథము బ్రదుకునని దీనివలన తెలియుచున్నది. 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట ఊరి సంగతులను వ్రాసియుంచు బాధ్యత మనమీదనే పడినది.

నా అనుభవమొకటి చెప్పెదను. సుమారు ఇరువదేండ్ల క్రిందట పెనుకొండ దాపున నొక యూరి చరిత్రను కూర్చితిని. ఒక యువకుడు దానికి వెబ్‌సైటు కట్టెను. ప్రతి పుటయు విడివిడిగా కట్టినదే. అక్షరములు సొంత ఫాంటువి. కొన్నియేండ్లకు కంప్యూటరు మార్చగా తెలుగునకు బదులు అర్థములేని గుర్తులు కనబడెను. కాగితముపై నున్నది మిగిలెను. కాని చెరువుకట్ట తెగిన నాటి సంగతులను ఒక వృద్ధుడు చెప్పగా నేరుగా కంప్యూటరులో ఎక్కించిన నాలుగు పుటలు మరల దక్కలేదు. అప్పటికి ఆయన స్వర్గస్థుడయ్యెను.

విషయమును ఒకచోటను, రూపమును వేరొకచోటను ఉంచు సాధనములు అప్పటికే పుట్టియుండెనని నాకు పిమ్మట తెలిసినది. వానిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టములందురు. 2001లో డ్రూపల్, 2003లో వర్డ్‌ప్రెస్, 2005లో జూమ్లా వెలువడెను. వికీపీడియా కొరకు పెరిగినది మీడియావికీ. 2003 డిసెంబరులో మొదలయిన తెలుగు వికీపీడియా దానిమీదనే నడచుచున్నది. ఇవన్నియు ఉచితముగా లభించునవే. తెలుగు లిపికి 1991లోనే యూనికోడులో స్థానము దొరకినది గనుక సొంత ఫాంటుల బెడదయు లేదు.

ఇద్దరు ముగ్గురు వ్రాయు చిన్న వెబ్‌సైటునకు వర్డ్‌ప్రెస్ సులువు. పలువిధముల వివరములను గడులుగా విభజింపవలెనన్న డ్రూపల్ మేలు. కాని నేర్పరి కావలెను. ఊరివారు పలువురు వ్రాసి దిద్దవలెనన్న మీడియావికీ తగును. అందు ఎవరు ఎప్పుడు దిద్దిరో నిలిచియుండును. పాత పాఠమును మరల చూడవచ్చును. కడితమునకు ఈ గుణము లేదు.

ఇక మలచుకొనుట. రంగులు, బొమ్మలు తరువాతి సంగతి. మన తాలూకాలు 1882 వరకు బళ్ళారి జిల్లాలో నుండెను. పిదప అనంతపురము జిల్లాలో చేరెను. 1985లో మండలములు వచ్చెను. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడెను. తాతగారి 1875 నాటి దస్తావేజును వెదకువాడు బళ్ళారి పేరు తలచినగాని దారి దొరకదు. కావున పాత తాలూకా, మండలము, జిల్లా అను గడులను సంవత్సరములతో సహా ఏర్పరుపవలెను. ఆధారమేదియను గడి యొకటి తప్పక యుండవలెను. పెనుకొండ కోటద్వారమున 1354 నాటి బుక్కరాయల శాసనము కలదు. అది రాతిపై నున్న సాక్ష్యము. మురారిరావు తన తండ్రి హిందోజీ పేర హిందూపురమును, క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర ధర్మవరమును నెలకొల్పిరనుట వినికిడి. రెండింటిని ఒకే గడిలో కలుపరాదు.

సాధనపు మూలమును మాత్రము కోయరాదు. కోసినచో కొత్త కూర్పు వచ్చినపుడు మన మార్పులు కొట్టుకొనిపోవును. మన మార్పులను వేరుగా, పైపొరగా చేర్చుకొనవలెను. చెరువునకు కొత్త కాలువ త్రవ్వుకొనవచ్చును గాని తూము పగులగొట్టరాదు గదా!

సాధనము నెన్నుకొనక ముందు కట్టువానిని మూడు అడుగుడు: అక్షరములు యూనికోడువేనా? దిద్దుబాట్లు నిలుచునా? మొత్తమును ఒక్కసారిగా బయటికి తీసి మన దగ్గర దాచుకొనవచ్చునా? మూడవదానికి అతడు తడబడినచో అక్కడనే ఆగుడు. ఏడాది కొకసారి ఆ ప్రతిని కాగితముపై అచ్చొత్తించి ఊరిలో ఉంచుడు. నేను ఆ పని చేసియున్నచో ఆ వృద్ధుని నాలుగు పుటలు నేడు మీకు చదివి వినిపించియుందును.