పటాన్‌చెరు సూదిమందు

1985లో హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన స్త్రీలకు, కొంతకాలం గర్భం రాకుండా చూసే సూదిమందు ఒకటి ఉందని చెప్పారు. తాము భారత వైద్య పరిశోధన మండలి పరీక్షలో భాగమవుతున్నామన్న సంగతి వారికి తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్లి విడమరచి చెప్పిన తరువాత చాలామంది సూది వేయించుకోకుండానే వెనుదిరిగారు.

ఆ మందు పేరు నోరెథిస్టెరోన్ ఎనాంథేట్, పొట్టిగా నెట్-ఎన్. ప్రొజెస్టరాన్ హార్మోనును పోలిన కృత్రిమ రసాయనం. నూనెలో కలిపిన 200 మిల్లీగ్రాములను కండరంలోకి ఎక్కిస్తే రెండు నెలలపాటు కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తుంది. అండం విడుదలకు పిట్యూటరీ గ్రంథి ఇచ్చే సంకేతాన్ని అణచివేస్తుంది, గర్భాశయ ముఖద్వారపు స్రావాన్ని చిక్కబరుస్తుంది. నెలసరి క్రమం తప్పడం దీని ప్రధాన దుష్ఫలితం. కొందరికి అసలు రాదు, కొందరికి ఆగదు. మాత్ర పడకపోతే మరునాడు మానేయవచ్చు. ఒంట్లోకి ఎక్కిన సూదిమందును వెనక్కి తీసుకునే ఉపాయం లేదు. వాదమంతా ఇక్కడే ఉంది. రక్తహీనతతో బాధపడే కూలి మనిషికి రక్తస్రావం ఆగకపోతే ఆ రెండు నెలలు ఆమెను ఎవరు చూస్తారు?

పటాన్‌చెరుకు ముందు ఎమర్జెన్సీ ఉంది. రాజకీయ చరిత్రలు ఆ కాలాన్ని జైళ్లతోనే కొలుస్తాయి. ఆపరేషన్ బల్లలను అంతగా పట్టించుకోవు. 1976-77లో దేశంలో 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో 62 లక్షల దాకా పురుషులకు చేసిన వేసెక్టమీలే. 1977లో ప్రభుత్వం కూలింది, కుటుంబ నియంత్రణ కుటుంబ సంక్షేమమైంది. మగవాళ్ల జోలికి వెళితే ఓట్లు పోతాయని పార్టీలన్నీ గ్రహించాయి. లక్ష్యాలు మాత్రం రద్దు కాలేదు, వాటి భారం స్త్రీల మీదికి మళ్లింది.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. సమాచారం తెలిసి ఇచ్చిన అంగీకారం లేని పరీక్ష చెల్లదన్నది వారి వాదన. వ్యాజ్యం 2000 దాకా సాగింది. చివరకు కేంద్రమే, జాతీయ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను మూకుమ్మడిగా వాడడం తగదని ఒప్పుకుంది. పర్యవేక్షణకు, సలహాకు తగిన వసతులున్న చోటికే దాన్ని పరిమితం చేసింది. పద్నాలుగేళ్లు పట్టినా, అది చిన్న గెలుపు కాదు.

ఆ తరువాతి అధ్యాయం ఛత్తీస్‌గఢ్‌లో మొదలైంది. 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర ఒక్క శిబిరంలో కొన్ని గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు ట్యూబెక్టమీలు చేశారు. ఆ జిల్లాలో ఆ వారం జరిగిన శిబిరాల తరువాత పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు, మూడేళ్లలో ఇలాంటి శిబిరాలకు స్వస్తి చెప్పాలని ఆదేశించింది. శస్త్రచికిత్స మీద ఆధారపడడం తగ్గించాలన్న మాట బలపడింది. సూదిమందుకు మళ్లీ దారి తెరుచుకుంది. ఈసారి వచ్చింది నెట్-ఎన్ కాదు, దాని వరసలోదే అయిన డిపో ప్రొవెరా మందు: మూడు నెలలకొకసారి, 150 మిల్లీగ్రాములు. దీర్ఘకాలం వాడితే ఎముకల సాంద్రత తగ్గుతుందని 2004లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని పెట్టె మీద తీవ్ర హెచ్చరిక వేయించింది. 1995లో జాతీయ కార్యక్రమానికి వద్దనుకున్న ఆ మందునే 2017లో కేంద్రం ‘అంతర’ పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. వేయించుకున్న స్త్రీ చేతికి ఒక కార్డు ఇస్తారు. అందులో తరువాతి సూది తేదీ రాసి ఉంటుంది.