వేట కాలం, జింకల జతకాలం: దక్కన్ అనుభవం

పరిచయం

యూసుఫ్‌గూడ నుంచి బయలుదేరి నగరానికి అటు చివరనున్న వనస్థలిపురం చేరితే మహావీర్ హరిణ వనస్థలి కనిపిస్తుంది. ఒకప్పుడు నిజాం వేటకు కేటాయించిన ఈ నేల 1975లో జింకల అభయారణ్యమైంది. అక్కడి కృష్ణజింకలను చూసినప్పుడు చరిత్ర విద్యార్థిగా మీకు ఒక ప్రశ్న కలగాలి. మగజింకలు మదించి జతకూడే కాలాన్ని వేటగాళ్లు ముందుగా ఎలా పసిగట్టేవారు? వేట కాలాన్ని నిర్ణయించింది అదేనా?

1. మదకాలంతో వేటగాడికి పనేమిటి?

మామూలు రోజుల్లో జింక చిన్న అలికిడికే పరుగు తీస్తుంది. మదకాలంలో మగజింక ధ్యాసంతా పోటీదారు మీదే ఉంటుంది. అరుస్తుంది, ఎదురొచ్చిన మగదానితో కొమ్ములు కలిపి పోరాడుతుంది. ఈ స్వభావం ఆధారంగానే ఒక వేట పద్ధతి ఏర్పడింది. మచ్చిక చేసిన జింక కొమ్ములకు వల కట్టి అడవి జింక మీదికి వదిలేవారు. పోరుకు దిగిన అడవి జింక ఆ వలలో చిక్కుకునేది. అక్బరు కాలపు 'అయినీ అక్బరీ'లో అబుల్ ఫజల్ ఈ వేటను వర్ణించాడు. ఇలా వేటలో ఎరగా వాడేందుకు పెంచిన జంతువును తెలుగులో 'దీమం' అంటారు. 'దీమపు లేడి' అన్న మాట నిఘంటువులకెక్కిందంటే ఈ విద్య మన నేలకు కొత్త కాదని గ్రహించండి.

2. తేదీ చెప్పడం సాధ్యమా?

ఐరోపాలోని ఎర్రజింకలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మదిస్తాయి. పగటి నిడివి తగ్గడమే వాటికి సూచన. హైదరాబాదులో అతి పెద్ద పగటికి, అతి చిన్న పగటికి తేడా సుమారు 2 గంటలే. అందుకే ఇక్కడి జింకలన్నిటికీ ఒకే కాలం లేదు. కణుజు ఎక్కువగా చలికాలంలో, చుక్కల దుప్పి ఎక్కువగా ఎండాకాలంలో మదిస్తాయి. కృష్ణజింకలు ఏడాది పొడవునా జతకూడతాయి, కొన్ని నెలల్లో మాత్రం ఆ జోరు ఎక్కువ. దుప్పుల మందలో ఒకదాని కొమ్ములు గట్టిపడి ఉంటే, పక్కదాని కొమ్ముల మీద ఇంకా నూగుతోలు ఉండవచ్చు. కనుక అనుభవం గల వేటగాడు నెలను కాక గుర్తులను చూసేవాడు. గట్టిపడ్డ కొమ్ములు, చెట్ల మొదళ్ల మీద రాపిడి, గిట్టలతో గీరిన నేల, మగదాని అరుపు ఆ గుర్తులు.

3. రెండూ కలిసినంత మాత్రాన

విశాఖ మన్యంలో గిరిజనులు చైత్రమాసంలో ఇటుకల పండుగ చేసుకుని వేటకు వెళ్లేవారు. దుప్పులు మదించే కాలం కూడా ఇంచుమించు అదే. అయితే మదకాలాన్ని చూసే పండుగ పెట్టుకున్నారని తేల్చవచ్చా? తొందరపడకండి. అప్పటికి ఆకు రాలి అడవి పలచబడుతుంది. నీటి చెలమలు తగ్గి జంతువులు కొద్దిచోట్లకే చేరతాయి. సేద్యం పనులు ఇంకా మొదలు కావు. వేటకు ఇన్ని అనుకూలతలున్నప్పుడు ఒక్కదాన్నే కారణమనడం చరిత్రకారుడికి తగదు. అలాగే మృగశిర కార్తెకు ఆ పేరు నక్షత్రం వల్ల వచ్చిందే గాని అడవి జింకల నడత వల్ల కాదు.

4. చట్టం చేసిన లెక్క

1879 నాటి నీలగిరి వేట చట్టం, 1912 నాటి వన్యపక్షి, జంతు రక్షణ చట్టం 'వేట నిషేధ కాలం' ప్రకటించే వీలు కల్పించాయి. జంతువుకు ఒక నిర్ణీత సంతాన కాలం ఉన్నచోట ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది. దక్కన్‌లో ఏ నెలలు మూసినా మిగిలిన నెలల్లో చూలు జింకలు, పాలు తాగే కూనలు తుపాకికి ఎదురుపడే అవకాశం ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకకు పూర్తి రక్షణ ఇచ్చింది. దుప్పి, కణుజు మాత్రం లైసెన్సు వేట జాబితాలో మిగిలాయి. 1991 సవరణ ఆ లైసెన్సులకూ స్వస్తి చెప్పింది. ఏడాదంతా ఏదో ఒక జింక ఈనే నేలలో ఏడాది పొడవునా అమలయ్యే రక్షణే సరైనదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

సారాంశం

దక్కన్ వేటగాడి జ్ఞానం తేదీల మీద కాక గుర్తుల మీద నిలిచింది. అదే జ్ఞానం నేడు అటవీ సిబ్బందికి జింకల లెక్కింపులో, రక్షణలో ఉపయోగపడుతోంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

మీ ప్రాంతంలో వేటతో ముడిపడిన ఒక పండుగను ఎంచుకోండి. అది ఆ మాసంలోనే ఎందుకు వస్తుందో పెద్దలను అడిగి, కనీసం మూడు కారణాలు రాయండి. వాటిలో దేనికి ఆధారం ఉందో, ఏది కేవలం ఊహో విడదీసి చూపండి.