గృహశ్రమకు విలువ: జనగణన, న్యాయస్థానం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వంట, ఇంటి శుభ్రత, బిడ్డల పెంపకం, వృద్ధుల సేవ లేనిదే ఏ కుటుంబమూ నిలవదు. అయినా ఈ శ్రమ స్వతంత్ర భారతదేశపు ఆర్థిక గణాంకాలలో శ్రమగా నమోదు కాలేదు. ఇందుకు కుటుంబాచారం ఒక్కటే కారణం కాదు. రాజ్యం రూపొందించిన వర్గీకరణలకూ అందులో భాగం ఉంది. ఆ వర్గీకరణలను ఉన్నత న్యాయవేదికపై ప్రశ్నార్థకం చేసినవి ప్రధానంగా ప్రమాద పరిహార వ్యాజ్యాలు కావడం గమనార్హం.

2. గణనకు వెలుపలి పని

గృహకృత్యాలకే పరిమితమైన స్త్రీలను జనగణన 'పని చేయనివారు' అనే వర్గంలో చేర్చింది. 1991 జనగణన ప్రశ్నలో కుటుంబ వ్యవసాయంలో, వ్యాపారంలో వేతనం లేకుండా చేసే పనిని స్పష్టంగా పేర్కొన్నారు. దీనితో సొంత పొలంలో కలుపు తీసే ఇల్లాలు శ్రామికురాలిగా నమోదయ్యే వీలు కలిగింది. పొలానికి వెళ్లేవారికి అన్నం వండిపెట్టే ఇల్లాలి పని మాత్రం గణనకు వెలుపలే మిగిలింది. 1993 నాటి ఐక్యరాజ్యసమితి జాతీయ ఆదాయ గణన విధానమూ ఇంటివారి కోసం వేతనం లేకుండా చేసే సేవలను ఉత్పత్తి పరిధిలోకి తీసుకోలేదు. అందువల్ల హోటల్లో వండిన భోజనం జాతీయోత్పత్తి అవుతుంది. ఇంట్లో వండినది కాదు.

3. మరణానంతర మూల్యం

మోటారు వాహనాల చట్టంలో 1994లో చేరిన రెండవ షెడ్యూలు, సంపాదన లేని జీవిత భాగస్వామి ఆదాయాన్ని సంపాదించే భాగస్వామి ఆదాయంలో మూడవ వంతుగా నిర్ణయించింది. ఈ సూత్రం ప్రకారం ఇల్లాలి శ్రమ విలువ ఆమె చేసిన పనిని బట్టి కాక భర్త జీతాన్ని బట్టి మారేది. కూలివాని భార్య, అధికారి భార్య ఒకే పని చేసినా విలువలు వేరుగా ఉండేవి.

1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాద వ్యాజ్యంలో మృతులైన గృహిణుల సేవలకు తొలుత ఏడాదికి 12,000 రూపాయలు కట్టారు. 34–59 ఏళ్లవారి విషయంలో సుప్రీంకోర్టు 2001లో దానిని 36,000కు పెంచింది. 2010లో మరొక తీర్పు, గృహిణులను యాచకులు, ఖైదీల వంటివారితో కలిపి అనుత్పాదకులుగా చూపిన జనగణన పద్ధతిని తప్పుపట్టింది. 2021 జనవరిలో తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ తమ ప్రత్యేక తీర్పులో గృహిణికి ఊహాత్మక ఆదాయం నిర్ణయించడం ఆమె శ్రమకు చట్టం ఇచ్చే గుర్తింపు అని వివరించారు.

4. ముగింపు

2021 తీర్పు 2019 జాతీయ కాలవినియోగ సర్వేను ఆధారం చేసుకుంది. ఆ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఇవి వరుసగా 289, 88. పని అంతరం దాదాపు యథాతథంగా ఉంది.

న్యాయస్థానాలు గృహశ్రమకు రూపాయలలో విలువ కట్టవచ్చునని నిరూపించాయి. అయితే ఆ విలువ లెక్కకు వచ్చింది ఇల్లాలు మరణించాకనే. పరిహారం చేరింది ఆమె వారసులకే. జీవించి ఉన్న ఇల్లాలికి ఆ తీర్పుల వల్ల వేతనం, విశ్రాంతి, వృద్ధాప్య భద్రత సమకూరలేదు. చనిపోయిన మనిషి శ్రమను కొలిచిన కొలమానం బతికున్న మనిషికి ఎందుకు వర్తించదన్నదే గృహశ్రమ చరిత్ర నేటి విధానకర్తల ముందు ఉంచుతున్న ప్రశ్న.