పెరటి చెట్టూ, పొరుగూరి వైద్యమూ

మా పక్కింటి వదినగారు రోజూ పొద్దున్నే పిట్టగోడ మీదినుంచి చెయ్యి చాచి మా బిళ్ళగన్నేరు పువ్వులు కోసుకునేవారు. పూజకేమో అనుకునేదాన్ని. ఓనాడు అడిగితే, "పూజకి కాదమ్మా, షుగరుకి. పరగడుపున నాలుగు పువ్వులు నమిలితే తగ్గుతుందట" అన్నారు. నవ్వి వూరుకున్నాను. నాలుగు పువ్వులే కదా!

కాని సంక్రాంతికి ముందు ఆవిడ పువ్వులు కాదు, గుప్పెడు ఆకు కావాలని వచ్చారు. రొమ్ములో చిన్న గడ్డ తగులుతోందట. "కాన్సర్ మందు దీంతోనే చేస్తారుటగా! కషాయం కాచుకు తాగితే ఆస్పత్రి గొడవే వుండదు" అన్నారు.

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆకు కొయ్యలేదు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఈ మొక్క కథ చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఆ మాటకొస్తే బిళ్ళగన్నేరు మన పెరటిదీ కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. ఓడలెక్కి దేశాలన్నీ తిరిగి, వెళ్ళిన ప్రతిచోటా బుద్ధిమంతురాలైన కోడలిలా కుదురుకుపోయింది. నీళ్ళు పోసినా పూస్తుంది, పొయ్యకపోయినా పూస్తుంది. పశువులు మాత్రం ముట్టవు. ఎందుకు ముట్టవో మనం ఎన్నడూ ఆలోచించలేదు గాని, కథంతా అందులోనే వుంది.

వదినగారి నమ్మకంలాంటిదే వెస్టిండీస్‌లోని జమైకా వాళ్ళకీ వుండేది. ఈ ఆకుతో టీ కాచుకు తాగితే చక్కెర జబ్బు తగ్గుతుందని! అక్కణ్ణించి 1952లో ఓ కవరులో పాతిక ఆకులు కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుగారికి చేరాయి. ఈయనదీ ఓ కథే. 1921లో టొరాంటోలో బాంటింగ్ ఇన్సులిన్ పరిశోధన మొదలుపెట్టినప్పుడు, సాయానికి ముందెవరు వెళ్ళాలని నోబుల్, ఛార్లెస్ బెస్ట్ అనే ఇద్దరు విద్యార్థులు బొమ్మా బొరుసూ వేసుకున్నారట. బెస్ట్ గెలిచాడు. ఇన్సులిన్‌తోబాటు అతని పేరూ నిలిచిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఈ కవరు ఓడినవాడి చేతికొచ్చింది. ఆయన దాన్ని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపించాడు.

రాబర్ట్ పరిశోధకుడు. వుండేది లండన్‌లో. అవునండీ, కెనడాలోనూ ఓ లండన్ వుంది! ఆకు రసం ఎలకల చేత తాగించాడు. చక్కెర దిగలేదు. సూదితో ఎక్కించాడు. అప్పుడూ చక్కెర దిగలేదు సరికదా, ఎలకలే చచ్చిపోయాయి. ఇంకొకరైతే ఆ ఆకుల్ని చెత్తబుట్టలో పడేసి చేతులు కడుక్కునేవారు. రాబర్ట్ మాత్రం "ఎందుకు చచ్చాయి?" అని ఆరా తీశాడు. వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. దాంతో రోగాన్ని ఎదుర్కొనే శక్తి పోయింది. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగితేనే కదా లుకేమియా అంటాం! ఆరోగ్యవంతుణ్ణి చంపే విషం ఆ రోగిని బతికించవచ్చునేమో?

1954లో ఛార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞుడు ఆయనకి తోడయ్యాడు. 1958 నాటికి ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ బయటపడింది. అదే రోజుల్లో అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీలో గార్డన్ స్వబోడా కూడా ఇదే మొక్క వెంటపడ్డాడు. అక్కణ్ణించి వచ్చిన విన్‌క్రిస్టిన్‌కి 1963లో ప్రభుత్వ అనుమతి దొరికింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు ఏర్పడి పంపకం చేస్తాయి. ఈ మందు ఆ దారాల్ని అల్లుకోనివ్వదు. కణం చీలలేక చస్తుంది.

ఇక్కడే మన తెలుగువాడు కనిపిస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు మెథోట్రెక్సేట్. ఆయన 1948లో కన్నుమూశారు. 1960ల మొదట్లో అమెరికా వైద్యులు లుకేమియా పిల్లలకి ఒకేసారి నాలుగు మందులు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి బిళ్ళగన్నేరుది, ఇంకొకటి సుబ్బారావుగారిది. అంతకుముందు నెలల్లో పోయే పిల్లలు బతకడం అక్కణ్ణించి మొదలైంది. ఇవాళ మంచి వైద్యం అందే చోట పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు.

"మరి పసుపూ, గ్రీన్ టీ కాన్సర్‌ని చంపుతాయంటారే?" అన్నారు వదినగారు. దానికీ ఓ ఆధారం వుంది. పట్టుచీర కొంగుకి కుచ్చులు ముడివేస్తాం కదా, దారాలు వూడిపోకుండా? మన కణాల్లోని క్రోమోజోముల కొసల్లోనూ అలాంటి కుచ్చులున్నాయి. వాటిని టెలోమియర్లంటారు. కణం చీలినప్పుడల్లా అవి కాస్త తరుగుతాయి. బాగా తరిగాక ఆ కణం ఇక చీలదు. కాని చాలా కాన్సర్ కణాలు టెలోమరేజ్ అనే ఎంజైముతో కుచ్చుల్ని మళ్ళీ కట్టుకుంటూ చావు లేకుండా పోతాయి. దీన్ని కనిపెట్టింది ఇద్దరు ఆడవాళ్ళు, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, ఆవిడ శిష్యురాలు కరొల్ గ్రైడర్. 1984లో క్రిస్మస్ పండగనాడు ప్రయోగశాలకి వెళ్ళి దాని జాడ మొదట చూసింది ఆ శిష్యురాలే. 2009లో ఇద్దరికీ, జాక్ షాస్టాక్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీలోని ఒక పదార్థం గాజు పళ్ళెంలో పెంచిన కణాల్లో ఈ టెలోమరేజ్‌ని అణిచాయి. గాజు పళ్ళెం వేరు, మనిషి వొళ్ళు వేరు. తిన్న పసుపులో వొంటికి పట్టేది బహు స్వల్పం. టెలోమరేజ్‌ని అడ్డే మందుల్లో అమెరికాలో మొదట అనుమతి పొందిన ఇమెటెల్‌స్టాట్, 2024లో వచ్చింది. అది ఒక రకం రక్తవ్యాధికి. ఏ ఆకులోంచీ తీసింది కాదు, ప్రయోగశాలలో కూర్చింది.

"అయితే మన ఆకులో మందు వున్నట్టా, లేనట్టా?" వదినగారు నిలదీశారు.

వుంది. కాని ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తియ్యడానికి సుమారు అర టన్ను ఎండుటాకు కావాలి. తూకం తప్పితే అదే విషం. ఏ రోగానికి, ఎంత, ఎన్నాళ్ళు అన్నది తేల్చడానికే అంతమందికి అన్నేళ్ళు పట్టింది. గుప్పెడాకు కషాయంలో ఏముందో ఎవరు చెప్పగలరు? ఈలోగా గడ్డ మనకోసం ఆగుతుందా?

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, "అయితే రేపు నువ్వూ తోడు రా" అన్నారు. వెళ్ళాను. గడ్డ కాన్సరే. చిన్నగా వుండగా వచ్చారు, నయమని డాక్టరమ్మ అన్నారు. ఆపరేషనయింది.

వదినగారు మళ్ళీ పిట్టగోడ దగ్గర కనిపిస్తున్నారు. పువ్వులు కోస్తూనే వున్నారు. నేను చూడగానే తనే అన్నారు, "ఇవి పూజకేలేవమ్మా!"